ఉపవాసమునకు ముందు ఒక పూట తోటలో

వ్రతము పట్టుటకు ముందు ఒక పూట సంతోషముగా గడుపుట ఏ ఒక్క మతమునకో చెందిన ఆచారము కాదు. నియమమును మనసార స్వీకరింపవలెనన్నచో, తాను విడుచుచున్నదేమో మనుష్యునకు ముందుగా తెలిసియుండవలెను. అందువలననే పెద్దలు ఉపవాసమునకు ముంగిట విందును నిలిపిరి. ఆ విందును చెట్టునీడను చేసికొనుట మన దేశమున బహుకాలమునుండి వచ్చుచున్న వాడుక. ఆ నీడ నేడు ఊరూర తరుగుచున్నది. నీడ తరిగినకొలది ఆచారమును తరుగును. ఆచారము తరిగినకొలది మిగిలిన నీడను కాపాడువారును తరుగుదురు. ఈ రెండింటికిని గల సంబంధమును గూర్చి కొంత విచారింతము.

క్రైస్తవులు ఈస్టరు పండుగకు ముందు పాటించు నియమకాలమునకు ఇంగ్లీషులో లెంట్ అని పేరు. మన ప్రాంతమున కతోలికులు దీనిని తపస్సు కాలమనియు, ఇతర సంఘములవారు శ్రమదినములనియు వ్యవహరింతురు. నొసట బూడిద ధరించు విభూది బుధవారముతో ఇది ఆరంభమగును. ఆ దినము మొదలు ఈస్టరు ముందటి శనివారమువరకు 46 దినములు. ఆ నడుమ వచ్చు 6 ఆదివారములు పునరుత్థానమును స్మరించు దినములగుటచే ఉపవాసపు లెక్కలో చేరవు. మిగిలినవి 40. యేసు అరణ్యమున ఉపవసించిన 40 దినములకు ఇవి గుర్తు. ఈ కాలమున కొందరు మాంసమును, కొందరు ఒక పూట భోజనమును, మరికొందరు తమకు మిక్కిలి ప్రియమైన ఏదో ఒక అలవాటును విడుతురు. విడిచినందువలన మిగిలినదానిని బీదలకిచ్చుట ఈ వ్రతమున ప్రధానమైన భాగము.

లెంట్ ఇంగ్లీషు పంచాంగమున ఒక స్థిరమైన తేదీకి రాదు. మార్చి 21వ తేదీననో, అటుతరువాతనో వచ్చు మొదటి పూర్ణిమ కడచిన పిదప ఆదివారము ఈస్టరు. అచటినుండి 46 దినములు వెనుకకు లెక్కించినచో విభూది బుధవారము వచ్చును. అది ఫిబ్రవరి 4 మొదలు మార్చి 10 లోపల ఎన్నడైనను రావచ్చును. పూర్ణిమనుండి నెలన్నర వెనుకకు పోయినచో అమావాస్య తగులును గదా! కావున విభూది బుధవారము ప్రతి సంవత్సరమును ఒక అమావాస్యకు అటునిటుగానే యుండును. మన మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, అనగా అమావాస్య ముందటి రాత్రి. రంజాను నెల అమావాస్య దాటి నెలవంక కనబడినంతనే మొదలగును. చంద్రుని నడకను నమ్ముకొన్న మూడు వ్రతములు ఒక్కొక్కప్పుడు ఒకే వారమున కలిసికొనుట ఇందువలననే. 2025వ సంవత్సరమున ఫిబ్రవరి 26న శివరాత్రి, మార్చి 2న మన దేశమున రంజాను ఉపవాసారంభము, మార్చి 5న విభూది బుధవారము. 8 దినములలో మూడు మతములవారును ఆకలిని ఆరాధనగా మార్చుకొనిరి. రంజాను ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును గనుక ఈ ముక్కూటమి తరచుగా లభింపదు. శివరాత్రికిని విభూది బుధవారమునకును నడుమ కొన్ని ఏండ్లలో ఒక నెల యెడము వచ్చినను, పెక్కేండ్లు అవి పొరుగు దినములే. 2026లో మొదటిది ఫిబ్రవరి 15, రెండవది ఫిబ్రవరి 18.

ఈ వ్రతమునకు ముందటి దినములను పాశ్చాత్యులు పలువిధముల గడుపుదురు. ఇంగ్లండులో విభూది బుధవారము ముందటి మంగళవారమున ఇంటనున్న గ్రుడ్లు, వెన్న వ్యర్థము కాకుండ అట్లు పోసికొని తినుట వాడుక. పోర్చుగీసువారు వెంటగొని వచ్చిన కార్నివాలు గోవా వీథులలో నేటికిని జరుగుచున్నది. కార్నివాలను మాటకు మాంసమును తొలగించుట అని మూలార్థము చెప్పుదురు. ఆటపాటలు, వేషములు దాని బాహ్యరూపములు మాత్రమే. లోపలి భావము, ఉన్నదానిని ఒకసారి కృతజ్ఞతతో అనుభవించి పిమ్మట చేయి వెనుకకు తీసికొనుట.

మన కృష్ణా మండలమున, ముఖ్యముగా బందరున, ఈ మూడు సంప్రదాయములును ఇరుగుపొరుగున పెరిగినవి. గోలకొండ సుల్తానుల కాలమున అది గొప్ప రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అచట వర్తకశాలలు నెలకొల్పిరి. తరువాత ఫ్రెంచివారు వచ్చిరి. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేటల పేర్లు ఆ రాకపోకలకు సాక్ష్యములు. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల కాలక్రమమున నోబుల్ కళాశాలయైనది. అట్టి పట్టణమున శివరాత్రి జాగరణము చేసినవాడును, తపస్సు కాలమునకు సిద్ధపడుచున్నవాడును, రోజా పట్టనున్నవాడును బడిలోనో, బజారులోనో, ఉద్యోగశాలలోనో స్నేహితులై యుండుట సామాన్య విషయము. అయితే ముగ్గురును కలిసి ఒక పూట కూర్చుండుటకు చోటేది? గుడి ఒకరిది, మసీదు ఒకరిది, చర్చి ఒకరిది. ఇంట వంటల పట్టింపులుండును. తోట ఒక్కటే అందరిది.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. కార్తిక మాసమున ఉసిరిచెట్టు క్రింద పూజచేసి బంధుమిత్రులతో భుజించు వనభోజనము అట్టిదే. అదియు ఉపవాసముల మాసమే. పగలెల్ల నియమములతో గడుపు నెలలో ఒక దినమును తోటకై విడిచిపెట్టిరి. ఉసిరికను ధాత్రి యనిరి. ధాత్రి యనగా పోషించు తల్లి. చెట్టును ముందు పూజించి, పిదప దాని నీడను అన్నము తినుమని చెప్పుటలో, ఎవరి ఆశ్రయమున కూర్చుంటివో మరువకుమను హెచ్చరిక కలదు. ఇటీవల వనభోజనములు కులసంఘముల సమావేశములుగా మారుట చూచుచున్నాము. ఎవరివారు వేరువేరు తోటలకు పోయి తమవారితోనే తిని వచ్చుటకు ఇంత దూరము పోనక్కరలేదు. చెట్టు ఎవరిని ఏ కులమని అడుగదు. దాని క్రింద కూర్చున్నవారు మాత్రము అడుగుచున్నారు.

తపస్సు కాలమునకు ముందు వచ్చు మాఘమాసపు దినములు కృష్ణా డెల్టాలో తోటకు పోవుటకు కార్తికముకన్న తక్కువవి కావు. వరికోతలు ముగిసి, వరిమాగాణిలో చల్లిన మినుము చేతికి వచ్చు వేళ. వాన భయము లేదు. ఎండ ఇంకను ముదురలేదు. మామిడి పూత దట్టముగా విచ్చి తేనెటీగలను పిలుచుచుండును. బూరుగు ఆకులు రాల్చి ఎఱ్ఱని పువ్వులు పూయును. ఆ పూలలోని తేనెకై గోరువంకలును కాకులును ప్రొద్దుటనే చేరి కలహించును. రావిచెట్టు పండుటాకులను దులిపి రాగిరంగు చిగురు తొడుగును. కోయిల గొంతు సవరించుకొనుటయు ఇప్పుడే. ఇద్దరు మిత్రులు తెల్లవారుజామున పోయి, అరటియాకులో పులిహోరయు దద్ధోజనమును పెట్టుకొని, చివర చెరియొక బందరు లడ్డు తిని, రానున్న నియమమును గూర్చి మాటాడుకొన్నచో, అంతకు మించిన విందు అక్కరలేదు. స్నేహితుడు వెంటనుండుట వలన లాభము మరియొకటి కలదు. ఒంటరిగా పోయినవాడు తన ఆలోచనలలో మునిగి చెట్టును చూడకయే రావచ్చును. ఇద్దరున్నప్పుడు ఒకడు, ‘ఈ చెట్టేమి?’ అని అడుగును. రెండవవాడు తలయెత్తి చూడక తప్పదు.

అట్టి తోటలు ఎందులకు పోవుచున్నవి? దుర్మార్గుల వలననే పోవుచున్నవనుట సులభము. కాని అది సగము మాత్రమే నిజము. పామర్రుకు పడమట కృష్ణ యొడ్డునున్న తోట్లవల్లూరు పేరులోనే తోటలు కలవు. మన పల్లెలలో ఊరి వెలుపల మామిడితోపు లేని చోటు ఒకప్పుడు అరుదు. 1990 దశకమునుండి గుడివాడ, కైకలూరు, బంటుమిల్లి ప్రాంతములలో చేపల చెరువులును రొయ్యల చెరువులును విస్తరించినవి. తోపుమీద వచ్చు రాబడి చెరువు రాబడికి సాటిరాదు. ఉప్పునీటి చెరువు ప్రక్కకు వచ్చినచో ఊట వలన పొరుగు తోటల వేళ్లు దెబ్బతినును. అప్పులున్న రైతు తోపును కొట్టివేసినచో అతనిని నిందించి లాభము లేదు. రహదారికి దగ్గరనున్న తోట ఇండ్లస్థలములగును. రోడ్డు వెడల్పు చేయునప్పుడు మొట్టమొదట పోవునవి ఇరుప్రక్కల చెట్లు. ప్రతిదానికిని ఒక కారణము కలదు. ప్రతి కారణమును విడిగా చూచినచో సమంజసముగనే తోచును. అన్నియు కలిసినప్పుడు మాత్రము ఊరికి నీడ మిగులదు.

నీడ అలంకారమని తలచువారు దివిసీమను తలచుకొనవలెను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినది కార్తిక మాసముననే. పదివేలమందికి పైబడి ప్రాణములు కోల్పోయిరి. ఆ రాత్రి చెట్లను కౌగిలించుకొని బ్రతికి బయటపడినవారు కలరు. తీరమున సరుగుడు తోపులు, మడ అడవులు గాలికిని అలకును అడ్డముగా నిలుచునని ఆ అనుభవము మనకు నేర్పినది. వేసవిలో పట్టణపు చెట్టు చేయు పనియు అట్టిదే. ఆకులు ఎండను ఆపుట యొకటి. వేళ్లు త్రాగిన నీటిని ఆవిరిగా విడిచి చుట్టునున్న గాలిని చల్లబరచుట మరియొకటి. రేకుల పందిరి మొదటి పని చేయగలదు గాని రెండవది చేయలేదు.

పల్లెతోపు వ్యక్తుల సొత్తు; పట్టణమందలి పార్కు ప్రజల సొత్తు. కావున దాని విషయమున మనకు హక్కు ఎక్కువ. అనుమతి పొందిన లేఅవుటులో పదవవంతు స్థలమును ఖాళీగా విడిచి, దానిని స్థానిక సంస్థకు దానపత్రముతో అప్పగింపవలెనని మన రాష్ట్రపు నిబంధనలు చెప్పుచున్నవి. 2002లో వచ్చిన నీరు, నేల, చెట్ల చట్టమునుబట్టి చెట్టును కొట్టుటకు అనుమతి కావలెను. అయినను పార్కుకై విడిచిన స్థలము కొన్ని ఏండ్లు బీడుగా పడియున్నచో, దానిని మరియొక పనికి వినియోగింతమను ఆలోచన పుట్టును. బెంగుళూరులో సరిగా అట్లే జరిగినది. సదాశివనగరు ప్రాంతమున పార్కునకు నిర్దేశించిన స్థలమును ఒక ప్రైవేటు వైద్యశాలకు కేటాయించిరి. ఆ పేటవాసులు న్యాయస్థానమునకు పోయిరి. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను. వైద్యశాల మంచిదే; కాని ప్రజలకై ప్రత్యేకించిన ఖాళీస్థలమును అధికారులు తమ యిష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదనియు, దానిని ప్రశ్నించు హక్కు అచటి నివాసులకు కలదనియు ఆ తీర్పు సారాంశము.

డెల్టా పల్లెలనుండి ఉద్యోగములకై పోయిన మనవారు పెక్కుమంది నివసించు హైదరాబాదు సంగతి చూతము. ఆ నగరమున బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్ అను పేటలు కలవు. బాగ్ అనగా తోట. పేర్లలో మిగిలిన తోటలు నేలపై మిగులలేదు. జూబిలీహిల్సులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానము మాత్రము సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటర్ల వైశాల్యమున నిలిచియున్నది. 1998లో దానికి జాతీయ ఉద్యానమను హోదా కలిగినది. 2016లో దాని చుట్టునున్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్ట సంకల్పించి, అందుకై చెట్లను తొలగింప నిశ్చయించినప్పుడు నగరవాసులు వీథిలో నిలిచి వ్యతిరేకించిరి. హరిత న్యాయస్థానమునకును పోయిరి. 2020లో ఉద్యానము చుట్టు ప్రకటించిన రక్షణవలయము చోటునుబట్టి 3 మీటర్లు మొదలు 30 మీటర్ల లోపు మాత్రమే. 2024లో ఆ కూడళ్లకే ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు మరల ప్రతిపాదింపబడినవి. 2016లో చెట్లకొరకు నిలిచినవారెవరు? ప్రతి ఉదయము అచట నడచువారు, ఆ నెమళ్ల కూతలకు అలవాటుపడినవారు. కోర్టుకు పోయినవారి బలము చట్టములో నున్నదెంతయో, ఆ ప్రాతఃకాలపు నడకలలోను అంతయే యున్నది.

న్యూయార్కు నగరపు అనుభవమును ఇట్టిదే. 1973లో లిజ్ క్రిస్టీ అను స్త్రీయు ఆమె మిత్రులును బవరీ, హ్యూస్టన్ వీథుల కూడలిలో చెత్తతో నిండిన ఒక పాడుస్థలమును శుభ్రపరచి తోట వేసిరి. దానినిచూచి వందలకొలది పేటతోటలు పుట్టినవి. 1999లో నగరపాలకులు వంద పైచిలుకు తోటలను వేలమునకు పెట్ట నిశ్చయింపగా, ప్రజలు ఆందోళన చేసిరి; చివరకు రెండు సేవాసంస్థలు ధనమిచ్చి వానిని కొని కాపాడినవి. అంతకన్న చిక్కైనది ఎలిజబెత్ వీథి తోట తగవు. ఆ స్థలమున బీద వృద్ధులకు ఇండ్లు కట్టవలెనని నగరపాలకుల తలంపు. తోటకును వృద్ధుల ఇంటికిని పోటీ వచ్చినప్పుడు ఏ పక్షము చేయుటకును మనస్సు ఒప్పదు. ఏండ్ల తరబడి సాగిన ఆ వివాదమున, ఇండ్లకు వేరుగా మూడు స్థలములు చూపుటకు ఒడంబడిక కుదిరిన పిదప 2025 జూన్‌లో నగరపాలకులు తోటను తొలగించు యత్నమును విరమించిరి.

దీనినుండి మనము గ్రహింపదగిన సూత్రమొకటి కలదు. తోటకు పోటీగా వచ్చు పని చెడ్డదై యుండవలసిన అవసరము లేదు. ఆసుపత్రి కావచ్చును, రోడ్డు కావచ్చును, బీదల ఇల్లు కావచ్చును. అడుగవలసిన ప్రశ్న, ఆ పని మంచిదా కాదా యని కాదు. అది మరియొకచోట జరుగునా యని. భవనమునకు రెండేండ్లలో మరియొక చోటు దొరకును. అంటుమామిడి నాలుగైదు ఏండ్లకే కాయును గాని, ఇరువదిమంది కూర్చుండ తగిన నీడ నిచ్చుటకు ఒక తరము పట్టును. మరియొకచోటికి పోగల దానిని పంపి, పోలేని దానిని నిలుపుట న్యాయము.

అయితే ఆ ప్రశ్న అడుగువారు ఉండవలెను గదా! ఎవరును కూర్చుండని పార్కు, కాగితముమీద కొన్ని సెంట్ల ఖాళీభూమి. అది పోయినను ఎవరికిని లోటు తెలియదు. ఏటేట ఒక పూటయైనను మిత్రునితో కూర్చున్న పార్కులో ఒక చెట్టు పడినచో వెంటనే తెలియును. అందుచేత వ్రతమునకు ముందటి ఈ విహారము తోటకు ఏటేట జరుగు తనిఖీ వంటిది. మొదటి యేడు ఐదు చెట్ల పేర్లు నేర్చుకొని, అక్కడనున్న చెట్లను లెక్కించి వ్రాసియుంచినచో, రెండవయేడు ఏవి తగ్గినవో చెప్పవచ్చును. మీ పేట పార్కు లేఅవుటు పటములో ఎంత యున్నదో, దానపత్రము వ్రాయబడినదో లేదో పురపాలక కార్యాలయమున అడుగవచ్చును; 2005 నాటి సమాచారహక్కు చట్టము అందులకు ఉపకరించును. ఇద్దరు కలిసి అడిగినచో సమాధానము కొంత త్వరగా వచ్చును.

ఉపవాసపు దినములకును తోటకును ఇంకొక సంబంధము కలదు. విభూది బుధవారమునుండి ఈస్టరు వరకు గల కాలము మన డెల్టాలో ఎండ ముదురు కాలము. 1855లో విజయవాడవద్ద ఆనకట్ట కట్టిననాటినుండి ఈ నేలను పోషించుచున్న కాలువలు వేసవిలో కట్టివేయబడును. వానకాలమున ఉత్సవములు చేసి నాటిన మొక్కలు చచ్చునది సరిగా ఈ నెలలలోనే. పోప్ ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన లౌదాతో సీ అను లేఖలో భూమిని అందరి ఉమ్మడి యిల్లుగా భావించి కాపాడుమని కోరిరి. తపస్సు కాలమున విడిచినదానిని బీదలకిచ్చుట ధర్మమైనచో, మిగిల్చుకొన్న ఒక బిందె నీటిని రెండు దినములకొకసారి ఒక లేతమొక్కకు పోయుటయు అందులో చేరును. 40 దినములు అట్లు పోషింపబడిన మొక్క తొలకరివరకు ప్రాణము నిలుపుకొను అవకాశము కలదు. శివరాత్రి చేసినవాడు ఒక మొక్కను, రోజా పట్టినవాడు ఒక మొక్కను, తపస్సు కాలము పాటించువాడు ఒక మొక్కను ఎంచుకొన్నచో వేరుగా సంఘములు స్థాపింప నక్కరలేదు.

కావున ఈ యేడు నియమము పట్టబోవు శ్రోతలు ఆ ముందటి వారములో ఒక ఉదయమును ప్రత్యేకింపుడు. మీ ఊరిలో మిగిలియున్న తోట ఏదో విచారింపుడు. మీ మతమువాడు, మీ కులమువాడు కాని మిత్రునొకని వెంటగొని పొండు. భోజనమైన పిదప విస్తళ్లను ఎత్తి, కూర్చున్నచోటిని ఊడ్చి, మొదట చెట్లను లెక్కింపుడు. ఆ లెక్క వ్రాసిన కాగితమును పదిలపరచుకొనుడు.